కళ్లు మూసుకుని కూసే కోడి

మా పాత చర్చిలో పెద్ద హాలుకీ, ఫాదర్ గారు వస్త్రాలు మార్చుకునే గదికీ మధ్య ఒక సందు ఉంది. పొడవు సరిగ్గా పద్నాలుగు అడుగులు. దాని చివరి తలుపు బిగించింది నేనే కాబట్టి కొలిచి చెప్తున్నా. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుని దారివ్వాలి. కిటికీ లేదు. పట్టపగలు కూడా లైటు వేసుకునే నడవాలి.

దాన్ని అందరూ కోడి సందు అంటారు. ఎడమ గోడ నిండా ఒకటే బొమ్మ. చలిమంట దగ్గర పేతురు కూర్చుని ఉంటాడు. పనిపిల్ల ఒకతి వేలు చూపించి, నువ్వు ఆయన మనిషివే కదా అని అడుగుతూ ఉంటుంది. పేతురు రెండు చేతులూ ఆడించేస్తూ ఉంటాడు, ఆయనెవరో నాకు తెలియదన్నట్టు. పైన ప్రహరీ మీద మెడ సాచి నిలబడ్డ కోడి.

చీకటి పడ్డాక ఆ సందులో ఎవరూ నడవరు. నడిస్తే... ఆ కోడి కూస్తుందట.

అందరికీ కాదు. కడుపులో అబద్ధం దాచుకున్నవాళ్లకే.

నవ్వకండి. నేనూ ఒకప్పుడు పగలబడి నవ్వినవాణ్ణే. పాటల బృందంలో ఒకావిడ గొడుగు మర్చిపోయి రాత్రి ఆ సందులోకి వెళ్లిందట. కోడి కూసింది. ఆవిడ పరుగున ఇంటికెళ్లి మొగుణ్ణి నిద్రలేపి, పెళ్లిచూపులప్పుడు నా వయసు నాలుగేళ్లు తగ్గించి చెప్పాం అని ఒప్పేసుకుంది. ఆయన, "నాలుగేనా, ఆరనుకున్నానే" అని అటు తిరిగి పడుకున్నాడట. ఈ ముక్క చెప్పుకుని నేను ఎన్నిసార్లు నవ్వానో లెక్కలేదు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇది మా బావకి జరిగింది. బావంటే మా అక్క మొగుడు. పాత గోడబొమ్మలు బాగుచేయడం ఆయన పని. కొవ్వొత్తుల మసి తుడవాలి. పెచ్చులు లేచిన చోట జిగురు ఎక్కించి అతికించాలి. రంగు రాలిన చోట పక్క రంగుకి సరిపోయేలా కలిపి అద్దాలి. అంతే. కొత్తగా ఒక్క గీత కూడా గీయకూడదు. ఉన్నదాన్ని కాపాడాలిగానీ లేనిదాన్ని కల్పించకూడదు, అది ఆ పనికి మొదటి కట్టుబాటు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

బావకి ఈ విద్య నేర్పింది ఒక ముసలి మేస్త్రి. బావ పదకొండేళ్లు ఆయన ఇంట్లో తిని, ఆయన చాప మీద పడుకుని నేర్చుకున్నాడు. మేస్త్రి ఎప్పుడూ బుగ్గలో ఒక లవంగం పెట్టుకుని ఉండేవాడు. మాట వినపడేలోపే వాసన వచ్చేదట.

"చర్చి గోడ మీద జంతువు ఊరికే నిలబడదురా," అనేవాడట మేస్త్రి. "ప్రతిదానికీ ఒక డ్యూటీ ఉంటుంది." జెండా పట్టుకున్న గొర్రెపిల్ల ప్రభువు. నెమలి చావు లేని బతుకు. పైకప్పు నాలుగు మూలలా రెక్కల మనిషి, సింహం, ఎద్దు, గద్ద ఉంటే వాళ్లు నాలుగు సువార్తలు రాసినవాళ్లు. తన రొమ్ము తానే పొడుచుకుని పిల్లలకి నెత్తురు పట్టే గూడబాతు కూడా ప్రభువే. నేను మొదటిసారి ఆ బొమ్మ చూసి, "ఇదేంటి బావా, బాతుకి దురదా?" అన్నాను. బావ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక కోడి. కోడి అంటే పేతురు సిగ్గు. మూడుసార్లు తెలియదని బొంకాక ఆయన్ని ఏడిపించిన కూత.

మేస్త్రి కోడిని వేసే పద్ధతే వేరు. కోడి కన్ను ఎప్పుడూ మూసే వేసేవాడు. ఎందుకని బావ అడిగితే ఇలా చెప్పాడట.

"కూసేటప్పుడు కోడి కళ్లు మూసుకుంటుందిరా, ఎప్పుడైనా చూడు. అది పేతురుని చూడలేదు. వేలెత్తి చూపలేదు. తెల్లారుతోందని చెప్పింది, అంతే. తిరిగి చూసింది ప్రభువు. ఆ మనిషికి ఆ ఒక్క చూపు చాలదా? కోడి చూపు కూడా ఎందుకు?"

ఆయన ఏ బొమ్మ మీదా సంతకం పెట్టేవాడు కాదు. ఆ మూసిన కన్నే ఆయన సంతకం. అది తెలిసినవాళ్లు తక్కువ.

అలాంటి మనిషి పని మానుకోవాల్సి వచ్చింది. కారణం ఒక గాడిద.

మా చర్చిలోనే ఇంకో గోడ మీద పశువులశాల బొమ్మ వేశాడు. ఎద్దూ గాడిదా తొట్టి మీదికి వంగి పసిబిడ్డకి ఊపిరి వెచ్చగా తగిలిస్తున్నట్టు. తెర తీసి చూస్తే గాడిద ముఖం అచ్చం అప్పటి కమిటీ అధ్యక్షుడి ముఖం. కావాలని వేశాడో, చెయ్యి అలా తిరిగిపోయిందో తెలియదు. అడిగితే మేస్త్రి, "గాడిదంటే అంత చులకనా అండీ? ప్రభువుని వీపు మీద మోసింది అదేగా" అన్నాడు. అది అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. రాత్రికి రాత్రి గోడకి సున్నం కొట్టించారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ చర్చీ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు.

ఇప్పటి అధ్యక్షుడు ఆయన కొడుకే. అదే ముఖం, అవే చెవులు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చర్చి పైకప్పు బొమ్మలన్నీ బాగుచేయించాలని కమిటీ అనుకుంది. మధ్యలో గొర్రెపిల్ల, నాలుగు మూలలా ఆ నాలుగు జీవులు. ఏడాదిన్నర పని. బావ లాంటివాడికి జీవితంలో ఒక్కసారి దొరికే పని. దాని కోసం ఆయన ఎన్నేళ్లుగా తల ఎత్తుకుని ఆ పైకప్పు వంక చూస్తున్నాడో నాకు తెలుసు.

అధ్యక్షుణ్ణి కలవడానికి వెళ్లే ముందు రోజు ఎవరో బావకి ఒక సలహా ఇచ్చారు. "ఆ ముసలాయన పేరెత్తకు బావా... పేరెత్తావంటే ఇంతే సంగతులు. తెలియదని ఒక్క ముక్క చెప్పెయ్, నీ సొమ్మేం పోతుంది?" ఎవరా బుద్ధిమంతుడు అంటారా? నాకు తెలియదు. ఎవడో చుట్టాల్లోవాడే అయ్యుంటాడు.

అధ్యక్షుడు మొదటే అడిగాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఆ గాడిద మేస్త్రి దగ్గర కాదు కదా?"

"కాదండీ," అన్నాడు బావ. "ఆయనెవరో నాకు తెలియదు."

ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడని అక్క చెప్పింది.

ముందు కోడి సందు బాగుచేసి చూపించమన్నారు. ఆదివారం బిషప్ గారు వస్తున్నారు. ఆ లోపు సందులో పని నచ్చితే పైకప్పు బావకే. పరంజా నేనే కట్టాను. బావ దూది ఉండలతో, అవిసె నూనె గుడ్డలతో పదిహేను రోజులు మసి తుడిచాడు. జానెడు జానెడు చొప్పున పేతురు బయటికొచ్చాడు. పనిపిల్ల వేలు బయటికొచ్చింది. చివరికి కోడి.

దాని కన్ను మూసి ఉంది.

బావ పరంజా మీద అలాగే కూర్చుండిపోయాడు. మేస్త్రి చెయ్యి అది. కుర్రతనంలో ఎప్పుడో వేసినట్టున్నాడు, శిష్యుడికి కూడా చెప్పలేదు. రెప్ప మీద గీత కొస దగ్గర చిన్నగా పైకి విరిగి ఉంటుంది, అలా తిప్పడం ఇంకెవరికీ రాదు. పదకొండేళ్లు ఆ విరుపు నేర్చుకోవడానికి బావ నానా తంటాలు పడ్డాడు.

ఆ శుక్రవారం సాయంత్రం ఫాదర్ గారూ అధ్యక్షుడూ చూడ్డానికి వచ్చారు. ఫాదర్ గారు మంచి మనిషి. కళ్లజోడు పైకి నెట్టుకుని కోడినే చూస్తూ నవ్వారు.

"కన్ను మూసుకుని ఉందే... ఆ పాత మేస్త్రి కోళ్లన్నీ కళ్లు మూసుకునే కూస్తాయని మా ముందున్న ఫాదర్ చెప్పేవారు. ఇది ఆయన వేసిందేనా? నీకేమైనా ఆనవాలు తెలుస్తోందా?"

పక్కన అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది. అవునని తను ఒక్క మాట అంటే ఈ గోడకి కూడా సున్నమే. అలా అని తనకి తాను చెప్పుకున్నాడు బావ. గోడని కాపాడటానికే అబద్ధం ఆడానని. తర్వాత నాతో అన్నాడు, "కాదురా, నన్ను కాపాడుకోవడానికే" అని.

"తెలియదు ఫాదర్. ఆయన పని నేనెప్పుడూ చూడలేదు. కన్ను మూసి లేదండీ... అక్కడ రంగు రాలిపోయింది."

"రాలిపోతే వెయ్యి మరి," అన్నాడు అధ్యక్షుడు. "బిషప్ గారికి గుడ్డి కోడిని చూపిస్తామా?"

చూశారా, అబద్ధం ఎలా చెయ్యి పట్టుకు లాక్కెళ్తుందో. రాలిపోయిందని నోటితో అన్నాక వేయక తప్పదు.

వాళ్లు వెళ్లాక బావ బ్రష్ పట్టుకుని చాలాసేపు తటపటాయించాడట. అప్పుడు పక్కనున్న ఎవరో, "చిన్న చుక్కేగా బావా, వేసి దిగు, చీకటి పడుతోంది" అన్నారట. ఎవరని నన్నడక్కండి. పరంజా కింద ఎవరెవరు తిరుగుతుంటారో నాకేం తెలుసు?

నలుపులో చిటికెడు కావి రంగు కలిపాడు. ఒక చుక్క లవంగ నూనె వేశాడు. లవంగ నూనె పడితే రంగు త్వరగా ఆరదు, దిద్దుకోవడానికి వీలుంటుంది. ఆ కిటుకు కూడా మేస్త్రి నేర్పిందే. "గురువు గుర్తు చెరపడానికి గురువు కిటుకే వాడానురా" అని ఆ మాట చెప్పినప్పుడు బావ నా ముఖం వంక చూడలేదు.

రెప్ప మీద గుండ్రంగా నల్లటి కన్ను వేశాడు. లోపల చిన్న తెల్ల చుక్క. కోడి కళ్లు తెరిచింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. అక్క, "కూర బాగాలేదా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. నూనె గుడ్డలు డబ్బాలో కుక్కి, నీళ్లు పోయకుండా, మూత పెట్టకుండా వచ్చేశాడు. అవిసె నూనె గుడ్డలు ఒకచోట కుక్కి ఉంచితే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆ డబ్బా సందు చివర, ఫాదర్ గారి గది గుమ్మంలో ఉంది. గది నిండా బట్టలు.

టార్చి పట్టుకుని పరుగెత్తాడు.

గంటలు కొట్టే తాత చర్చి వెనక గదిలోనే ఉంటాడు. ఆయన్ని లేపి తాళంచెవి తీసుకున్నాడు. పది దాటింది. హాలంతా చీకటి. చెప్పుల చప్పుడు తనకే వినపడుతుంటే చెప్పులు విడిచేశాడు.

సందులోకి అడుగుపెట్టాడు.

మొదటి అడుగు... రెండు... టార్చి గోడ మీదికి తిప్పకూడదనుకున్నాడు. చెయ్యి దానంతటదే తిరిగింది.

కోడి చూస్తోంది.

పేతురుని కాదు, బావని. ఆ కన్ను వేసేటప్పుడు తను ఎక్కడ నిలబడ్డాడో ఆయనకి తెలుసు, అక్కడికే అది చూడాలి. కానీ రెండడుగులు ముందుకు వేసినా అది తన వైపే. ఇంకో అడుగు వేసినా తన వైపే. తెల్ల చుక్క తడిగా మెరుస్తోంది.

తల దించుకుని, చివరిదాకా పరుగులాంటి నడక నడిచాడు. డబ్బా మీద చెయ్యి పెడితే అప్పటికే వెచ్చగా ఉంది. కుళాయి నీళ్లు పట్టి పోశాడు. బుస్సుమంది. మూత పెట్టాడు. ఆ పూట ఆయన వెళ్లకపోతే ఆ గదీ, ఈ గోడా మిగిలేవి కావు.

తిరిగి రావాలి. వేరే దారి లేదు.

టార్చి వెలుగు కాళ్ల దగ్గర పెట్టుకుని నడుస్తున్నాడు. మధ్యలోకి వచ్చేసరికి లవంగం వాసన తగిలింది. నా రంగులోదే అనుకున్నాడు. కాదు... నూనె వాసన చల్లగా ఉంటుంది. ఇది నమిలిన లవంగం. ఊపిరితో కలిసి వచ్చే వెచ్చటి వాసన.

టార్చి ఎత్తాడు.

కన్ను లేదు. తడి రంగు మీద ఎవరో వేలితో ఒక్కసారి, అడ్డంగా, మెల్లిగా తుడిచారు. కింద పాత రెప్ప, కొసన పైకి విరిగిన ఆ గీత, అలాగే ఉంది.

కోడి కళ్లు మూసుకుంది.

వెలుగు అంచున, గోడకి ఆనుకుని... ఎవరో నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి. ఒక చెయ్యి ఇంకా పైకి ఎత్తే ఉంది.

"కోడి ఎవర్నీ చూడదురా..." గుసగుసగా వినపడింది. "మర్చిపోయావా?"

తిట్టినట్టు లేదట. పాఠం మళ్లీ చెప్పినట్టుందట.

"మేస్త్రీ..." అందామనుకున్నాడు బావ. అన్నాడో, గొంతులోనే ఆగిపోయిందో ఆయనకే తెలియదు.

అంతలో హాల్లోంచి గంటల తాత కేక. "ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు? లోపల ఇంకెవరున్నారు?"

ఒక్క క్షణం. అంతే. మేస్త్రి ఉన్నాడని చెప్తే తెల్లారేసరికి అధ్యక్షుడి చెవిన పడుతుంది. పైకప్పు పోతుంది. గొర్రెపిల్ల, సింహం, ఎద్దు, గద్ద, అన్నీ పోతాయి. ఆ క్షణంలో కూడా తనకి ఆ లెక్కే వచ్చిందని బావ నాతో చెప్పి ఏడ్చాడు. ఎదురుగా నిలబడ్డది మనిషో దెయ్యమో అని కూడా ఆలోచించలేదు. పని పోతుందేమోనని ఆలోచించాడు.

"ఎవరూ లేరు తాతా," అన్నాడు. "నేనొక్కణ్ణే."

అప్పుడు కూసింది.

చెవి పక్కనే. గోడలోంచి. గొంతు చించుకుని, సాగదీసి, సందంతా నిండిపోయేలా... ఒక్కటే కూత.

టార్చి కింద పడింది. తీసి చూస్తే గోడ పక్కన ఎవరూ లేరు.

తాత లాంతరు పట్టుకుని తాపీగా వచ్చాడు. గోడకి చేరగిలబడి కూర్చున్న బావని చూసి పక్కనే చతికిలపడ్డాడు.

"భయపడ్డావా నాయనా? ఇది కోడీ కాదు, దెయ్యమూ కాదు. మన గంటగోపురం కొసన ఇనపకోడి లేదూ, గాలి ఎటు వీస్తే అటు తిరిగేది? దాని ఇరుసు తుప్పుపట్టింది. గాలి విసురుగా తిరిగితే కీచుమంటుంది. గోపురంలోంచి ఈ గోడలోకి పాత గొట్టం ఒకటి దిగింది. ఆ చప్పుడు గొట్టంలో పడి ఇక్కడ తేలుతుంది. నలభై ఏళ్లుగా వింటున్నా. జనానికి చెప్తే కథ పోతుందని చెప్పను."

బావ ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తాత భయమనుకుని వీపు నిమిరాడు.

ఇంకా చీకటి ఉండగానే బావ మా తలుపు కొట్టాడు. ఇదంతా మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. "మేస్త్రి దగ్గరికి వెళ్లాలిరా. ఒక్కణ్ణే వెళ్లలేను. నాతో రా," అన్నాడు. తొమ్మిదేళ్లయిందట ఆయన ముఖం చూసి.

ఇది నేను కళ్లారా చూసింది, విన్నది కాదు.

మేస్త్రి కూతురు బట్టలు కుడుతుంది. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో తండ్రి మంచం. మేం వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి నీళ్లగిన్నె పారబోస్తోంది.

"ఎవరు మీరు?" అంది.

నేను బావ వంక చూశాను. నేను చెప్పేద్దామనుకునేలోపు ఆయనే అన్నాడు.

"నేను మేస్త్రి శిష్యుణ్ణమ్మా."

ఆవిడ గిన్నె గుమ్మం పక్కన పెట్టింది. "ఆ మాట అనుకుంటూ ఈ గుమ్మం తొక్కినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు," అంది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఇద్దరం నేల చూశాం.

"నిన్న రాత్రి మేస్త్రి గారు బయటికేమైనా..." అని నసిగాడు బావ.

"బయటికా? మంచం దిగి ఏడాదిన్నర అయిందండీ. పక్క మార్చాలన్నా నేనూ, పక్కింటివాళ్లూ కలిసి తిప్పాలి."

లోపలికి తీసుకెళ్లింది. మేస్త్రి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కళ్లు మూసుకున్నాడు. గది నిండా లవంగం వాసన.

"తెల్లవారుజామున చూస్తే చేతికి ఏదో అంటి ఉంది," అందావిడ తడిగుడ్డ తీసుకుంటూ. "ఎంత తుడిచినా పోదే. ఇంట్లో రంగన్నది లేక ఎన్నాళ్లయిందో..."

కుడి చెయ్యి దుప్పటి మీదికి తీసి చూపించింది.

చూపుడువేలి కొసన నలుపు. కావి కలిసిన నలుపు. ఇంకా ఆరలేదు.

బావ మంచం పక్కన మోకాళ్ల మీద పడిపోయాడు. ఆ చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు. ఆయన నుదుటి మీద నల్లగా మరక పడింది. "తెలియదన్నాను మేస్త్రీ... మూడుసార్లు తెలియదన్నాను..." అంటున్నాడు. మిగతా మాటలు నాకు వినపడలేదు. వినే ముఖం కూడా నాకు లేదు.

మేస్త్రి కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"తెల్లారిందిరా?" అన్నాడు.

"తెల్లారింది మేస్త్రీ," అన్నాడు బావ.

ఆ శనివారమే బావ వెళ్లి అధ్యక్షుడి ముందు నిలబడ్డాడు. "నేను ఆ గాడిద మేస్త్రి శిష్యుణ్ణి. ఆ కోడి ఆయన వేసింది. దాని కన్ను మూసే ఉంటుంది, నేనింక తెరవను," అని చెప్పేశాడు. సాయంత్రానికి పరంజా విప్పేయమన్నారు. నేనే విప్పాను. గోడకి సున్నం కొట్టనివ్వకుండా ఫాదర్ గారు అడ్డుపడ్డారు కాబట్టి కోడి మిగిలింది. పైకప్పు వేరేవాళ్లకి వెళ్లింది. మేస్త్రి ఇంకో రెండు నెలలు బతికాడు. ఆ రెండు నెలలూ పొద్దునా సాయంత్రం బావే వెళ్లి పక్క మార్చేవాడు.

మా అక్క బావని ఒక్క మాట కూడా అనలేదు, పని పోయినందుకు. కానీ ఒకరోజు ముగ్గురం అన్నం తింటుంటే ఉన్నట్టుండి అంది, "మీకు మీరుగా అలాంటి అబద్ధం ఆడే మనిషి కాదు. ఎవడు చెప్పాడు మీకు, తెలియదనమని? పదకొండేళ్లు అన్నం పెట్టిన మనిషిని తెలియదనమన్న ఆ వెధవ ఎవడు?"

బావ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "ఎవరో అన్నారులే. గుర్తులేదు," అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. "నీకు తెలుసట్రా?"

"నాకేం తెలుసక్కా," అన్నాను. "నాకు తెలియదు."

బావ నా కంచంలో ఇంకో గరిటె కూర వేశాడు. అంతే.

ఇది జరిగిన వారానికి ఫాదర్ గారు కబురుపెట్టారు. సందు చివరి తలుపు బందు ఊడింది, బిగించి పొమ్మన్నారు. పగలంతా వేరే పని ఉండి నేను వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. బందు బిగించాను. సామాను సంచిలో సర్దుకుని, లైటు తీసేసి, టార్చితో బయల్దేరాను. ఈల కూడా వేసుకుంటున్నాను. నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాదు.

సందు మధ్యలోకి వచ్చాను.

కూసింది.

బావ చెప్పినట్టే. గోడలోంచి, చెవి పక్కనే, సాగదీసి... ఒక్కటే కూత. సంచి నా చేతిలోంచి జారిపోయింది. సుత్తులూ ఉలులూ సందంతా చెల్లాచెదరయ్యాయి.

గంటల తాత లాంతరుతో వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. "ఏం నాయనా, నువ్వు కూడానా? ఇనపకోడిలే... గాలికి తిరిగుంటుంది."

నేను తల ఊపాను. ఆయనకి వయసైపోయింది, మర్చిపోయాడు. ఇనపకోడి గోపురం మీద లేదు. ఇరుసు మార్చాలని నాలుగు రోజుల కిందట నిచ్చెన వేసుకుని ఎక్కి దింపింది నేనే. ఆ రాత్రి అది నా కొట్లో, బల్ల మీద, గోనెపట్టా కింద పడుకుని ఉంది.

టార్చి ఎత్తి గోడ వంక చూశాను. కోడి కన్ను మూసే ఉంది. అది నన్ను చూడలేదు. చూసినా బాగుండేది.

పేరెత్తకు బావా అన్నది నేనే. పరంజా కింద నిలబడి, చిన్న చుక్కేగా వేసి దిగు అన్నదీ నేనే. ఇందాకటి నుంచి మీకు కూడా తెలియదు తెలియదనే చెప్తూ వచ్చాను.

అక్కకి ఇంకా చెప్పలేదు. అదిగో, వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. మీరు కాస్త ఇక్కడే కూర్చోండి. నేను లోపలికి వెళ్లి చెప్పి వస్తాను.